ఎత్తు పెంచే పౌడర్ ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

‘18 దాటినా 3 అంగుళాలు గ్యారంటీ’ అనే ప్రకటన మీ ఫోన్లోనూ తిరుగుతుంటే దయచేసి డబ్బు కట్టకండి.

మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్. కానిస్టేబుల్ సెలక్షన్‌కి 167.6 సెంటీమీటర్లు కావాలి, వాడు 165 దగ్గర ఆగాడు. 6,500 పోసి కోర్సు తెప్పించారు. వాట్సాప్‌లో ‘కన్సల్టెంట్’ తగులుకున్నాడు. మొదటి కొలత రాత్రి పడుకునేముందు తీసి పంపమన్నాడు. నెల తర్వాత కొలత మాత్రం పొద్దున్నే మంచం దిగగానే! సెంటీమీటరు పెరిగాడని ఇంట్లో సంబరం, వెంటనే రెండో కోర్సు.

కిటుకంతా ఆ టైములోనే ఉంది. పగలంతా తిరిగేసరికి వెన్నుపూసల మధ్య డిస్కులు అణుగుతాయి, పడుకుంటే మళ్లీ ఉబ్బుతాయి. పౌడర్ తాగనివాళ్లకీ పొద్దున సెంటీమీటరు అటూ ఇటుగా ఎక్కువే వస్తుంది. నమ్మకపోతే గోడకి ఆనుకుని కొలుచుకోండి. (కన్సల్టెంట్ గారికి ఈ సంగతి తెలియదనుకోను.)

చివరికి హార్మోన్ల డాక్టరు ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించారు. ఎముక చివర్లో గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పొడుగు సాగేది అక్కడే. పెరిగే పిల్లల ఎక్స్‌రేలో అది నల్లటి గీతలా కనిపిస్తుంది. వీడికి ఆ నలుపు లేదు, సన్నటి తెల్లగీత మిగిలింది. మూసుకుపోయిందన్నమాట. మూసేది ఈస్ట్రోజెన్, మగపిల్లల్లో కూడా. ఆ హార్మోన్ ఒంటికి పట్టని జన్యులోపం ఉన్న ఒకాయన 28 ఏళ్లకి 204 సెంటీమీటర్లుండి, ఇంకా పెరుగుతూనే ఉన్నాడని 1994లో అమెరికా డాక్టర్లు రాశారు. మామూలుగా ఆడపిల్లలకి 14–15, మగపిల్లలకి 16–17 ఏళ్లకల్లా ఎదుగుదల దాదాపు అయిపోతుంది, కొందరికి కాస్త ముందూ వెనకా. మూసుకున్నాక కాల్షియం, అశ్వగంధ, కడ్డీకి వేలాడటం, ఏవీ దాన్ని తెరవలేవు.

ఇంకా పెరుగుతున్న పిల్లలకైతే మరీ భయం. మాకొచ్చిన డబ్బామీద ‘సీక్రెట్ ఫార్ములా’ తప్ప దినుసుల పేర్లే లేవు. అలాంటివాటిలో మగ హార్మోన్ కలిసిందంటే, మొదట చకచకా పెరిగి ప్లేట్లు ముందే మూసుకుపోతాయి.

ఎత్తు పెంచుతానని ఏ మందూ చెప్పుకోకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ షెడ్యూల్ జె లోనే ఉంది. అందుకేనేమో డబ్బామీద ‘ఫుడ్ సప్లిమెంట్’, ఎత్తు ముచ్చట వాట్సాప్‌లో. డబ్బు వాపసు అడిగితే ‘సీలు తీశారు కదా’ అన్నారు. ఇప్పటికే కట్టినవాళ్లు ఆ చాట్లు చెరిపేయకుండా వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫిర్యాదు చెయ్యండి. కట్టనివాళ్లు ముందు ఎక్స్‌రే తీయించండి, కొన్ని వందల్లో తేలిపోతుంది.