లెదర్ బ్యాగా, నైలాన్ బ్యాక్‌ప్యాకా?

ఆఫీసుకు లెదర్ బ్యాగు హుందాగా ఉంటుంది, కాదనను. అయినా రోజువారీకి నా ఓటు నైలాన్‌కే. హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. తోలు నీళ్లు పీల్చుకుంటుంది. తడి ఆరకముందే అల్మారాలో పెడితే తెల్లటి బూజు పడుతుంది, ఆరాక బిరుసెక్కుతుంది. నైలాన్ బ్యాగును దులిపి ఫ్యాను కింద వేలాడదీస్తే చాలు. జిప్పుల దగ్గర మాత్రం నీళ్లు దిగుతాయి, అందుకని వాన తొడుగు ఉన్నదే కొనండి.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. అమీర్‌పేట మెట్రోలో ఎరుపు లైను నుంచి నీలం లైనుకు మారాలంటే అంతస్తు మారాలి, అదీ జనం మధ్య. ల్యాప్‌టాప్, టిఫిను డబ్బా, నీళ్ల సీసా అన్నీ ఒకే భుజాన వేలాడితే మెడ పట్టేస్తుంది. రెండు పట్టీలుంటే బరువు రెండు భుజాలకూ సర్దుకుంటుంది, చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఇంటర్వ్యూకైతే లెదర్‌దే తీసుకెళ్లండి, ఆకాశం చూసుకుని.