ఫైబ్రోమయాల్జియా: ప్రీగాబలిన్ మాత్రా, రోజూ నడకా?

ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్లంతా నొప్పులు, నిద్ర లేచినా తీరని అలసట. రక్తపరీక్షల్లో ఏమీ తేలకపోయినా ఈ బాధ నిజం.

నరాల నొప్పికి వాడే మందు ప్రీగాబలిన్‌కు అమెరికాలో ఈ జబ్బు కోసం 2007లో అనుమతి వచ్చింది. పనిచేసినవారికి నొప్పి తగ్గి, నిద్ర పడుతుంది. అయితే మగత, తల తిరగడం, కాళ్ల వాపు, బరువు పెరగడం ఉండవచ్చు. ఉన్నట్టుండి మానేయకూడదు కూడా.

యూరప్ రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బుల) నిపుణులు 2016లో సవరించిన సిఫారసుల్లో గట్టిగా సమర్థించిన చికిత్స వ్యాయామం ఒక్కటే. చిక్కల్లా మొదటి వారాల్లోనే, నొప్పి ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది. అందుకే ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, ఒళ్లు సహకరించిన కొద్దీ పెంచాలి. కాస్త బాగుందని ఒక్కరోజే ఇల్లంతా కడిగి, దుప్పట్లన్నీ ఉతికేస్తే మర్నాడు మంచం దిగలేరు.

నా ఓటు నడకకే. నిద్రే కరువైనవారు మాత్రం డాక్టరు సలహాతో ముందు మాత్ర వేసుకుని, కొంచెం తేరుకున్నాక నడక అందుకోవచ్చు.