ఖస్ర్ అల్ వతన్: యూఏఈ క్యాబినెట్ కూర్చునే గది చూసొచ్చాం

నేను అబూదాబీ ముసఫ్ఫాలో ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. లేబర్ కాంట్రాక్టులు, వీసా అప్లికేషన్లు, క్యాన్సిలేషన్లు... పొద్దున కూర్చుంటే రాత్రికి గానీ లేవను. 2016 ఫిబ్రవరిలో ఇక్కడి మంత్రివర్గాన్ని మార్చినప్పుడు కార్మిక శాఖ కాస్తా 'మానవ వనరులు, ఎమిరటీకరణ (అంటే ఇక్కడి పౌరులకు ఉద్యోగాలిప్పించడం) శాఖ' అయింది. ఆ రోజుల్లో మా కౌంటర్ దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే టెన్షన్: "పాత పేరుతో ఉన్న నా కాంట్రాక్టు చెల్లుతుందా?" అప్పటి నుంచీ క్యాబినెట్ అనే మాట వినపడితే చాలు, చెవులు రిక్కిస్తాను. అక్కడ తీసుకున్న నిర్ణయం నెలలోపే నా టేబుల్ మీదికి కాగితమై వస్తుంది మరి.

అందుకే ఆ క్యాబినెట్ సమావేశమయ్యే ప్యాలెస్, అబూదాబీలోని ఖస్ర్ అల్ వతన్‌ను చూడాలని చాన్నాళ్లుగా ఆశ. 2019 మార్చిలో జనానికి తెరిచారు. మొదటిసారి చుట్టాలతో కలిసి ఒక సిటీ టూర్ బస్సులో వెళ్లాను. ఆ టూర్ వాళ్లు ఇచ్చింది ముప్పావు గంట. పెద్ద హాల్లో ఫొటోలు దిగేలోపే "టైమైంది, రండి రండి" అని తరిమారు. అసలు గది చూడనే లేదు. ఆ డబ్బులు పోయినట్టే. మీరు మాత్రం సొంతంగా వెళ్లండి.

రెండోసారి నా రూమ్మేట్‌తో వెళ్లాను. ఇరవై ఏళ్లుగా ట్యాక్సీ నడుపుతున్న పెద్దాయన, నేను అన్నా అంటాను. టికెట్ అరవై పైచిలుకు దిర్హాములు. విజిటర్ సెంటర్‌లో చెకింగ్ అయ్యాక వాళ్ల బస్సే లోపలికి తీసుకెళ్తుంది. వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు ఉన్న గ్రేట్ హాల్, పైన గుమ్మటం... ఇవన్నీ ఫొటోల్లో చూసే ఉంటారు. బాగుంటాయి. అక్కడే ఆగిపోకండి.

చూడాల్సింది 'స్పిరిట్ ఆఫ్ కొలాబరేషన్' అనే గుండ్రటి గది. మజ్లిస్‌లో (అరబ్బుల ఇళ్లలో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే హాలు) కూర్చున్నట్టే అందరూ చుట్టూ కూర్చునే ఏర్పాటు. నడినెత్తిన 12 టన్నుల షాండిలియర్, అందులో 3,50,000 క్రిస్టల్ ముక్కలట. యూఏఈ క్యాబినెట్టూ, దేశంలోని ఏడు ఎమిరేట్ల (చిన్న రాజ్యాల) పాలకులుండే సుప్రీం కౌన్సిలూ సమావేశమయ్యేది ఇక్కడే. మేం ఒక పక్కన నిలబడి చాలాసేపు చూశాం.

అన్న మెల్లగా అడిగాడు: "ఏడుగురు ఒక్క మాట మీదికి రావాలంటే ఎట్ల తమ్మీ?"

ముఖ్యమైన విషయాలకు ఏడింట్లో ఐదు ఓట్లు కావాలి, ఆ ఐదులో అబూదాబీ, దుబాయ్ రెండూ ఉండి తీరాలి అని చెప్పాను. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేదీ ఆ కౌన్సిలే. ఇప్పటిదాకా అధ్యక్షులందరూ అబూదాబీ పాలకులే, ప్రధానమంత్రులందరూ దుబాయ్ పాలక కుటుంబం వాళ్లే. 1971 డిసెంబర్‌లో తొలి మంత్రివర్గానికి షేక్ మక్తూమ్ బిన్ రాషిద్ ప్రధాని. ఇప్పటి ప్రధాని షేక్ మహమ్మద్ బిన్ రాషిద్ ఆ తొలి క్యాబినెట్‌లోనే రక్షణ మంత్రి! అన్న ఇది నమ్మలేకపోయాడు. యాభై ఏళ్లు దాటినా ఆయన ఇంకా ఇదే బల్ల చుట్టూ ఉన్నాడా అని రెండుసార్లు అడిగాడు.

నాకైతే అక్కడ నిలబడగానే గుర్తొచ్చింది క్యాబినెట్‌లోకి కొత్తగా వచ్చిన వాళ్లు. 2004లో షేఖా లుబ్నా అల్ ఖాసిమీ ఆర్థిక శాఖ తీసుకుని తొలి మహిళా మంత్రి అయ్యారు. 2016లో యువజన వ్యవహారాల సహాయ మంత్రిగా షమ్మా అల్ మజ్రూయీ వచ్చేనాటికి ఆమె వయసు 22. నేను 22 ఏళ్లకు ఊళ్లో ఇంకా పని వెతుక్కుంటున్నాను. 2017లో కృత్రిమ మేధకు ఏకంగా ఒక సహాయ మంత్రినే పెట్టారు. 2024 జనవరిలో యువజన బాధ్యత అంతరిక్షంలో ఆరు నెలలు ఉండొచ్చిన సుల్తాన్ అల్ నియాదీకి ఇచ్చారు. పాతకాలం పెద్దల పక్కనే ఇలాంటి వాళ్లకూ కుర్చీ వేయడం నాకు నిజంగా నచ్చిన విషయం. మా కాగితాల శాఖ 2021 నుంచి అబ్దుల్‌రహ్మాన్ అల్ అవర్ చేతిలో ఉంది. ఆయన కుర్చీ ఏదై ఉంటుందా అని ఆ వరుసలన్నీ కళ్లతో వెతికాను.

విందు గదిలో 1,49,000 వెండి, క్రిస్టల్, పింగాణీ వస్తువులున్నాయంటారు. అక్కడ ఐదు నిమిషాలు చాలు. లైబ్రరీ బాగుంది. అన్నకు మాత్రం మత్తర్ బిన్ లాహెజ్ చేసిన బంగారు రంగు అక్షరాల శిల్పం తెగ నచ్చింది. అసలు సంపద డబ్బూ చమురూ కాదు, మనుషులే అని యూఏఈ తొలి అధ్యక్షుడు షేక్ జాయెద్ చెప్పిన మాటల్ని అరబీలో అల్లారు. ట్యాక్సీలో నేర్చుకున్న అరబీతో అన్న ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతూ, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

కనీసం మూడు గంటలు పెట్టుకోండి. విదేశీ నాయకులు వచ్చినా, అధికారిక కార్యక్రమాలున్నా సందర్శకులను రానివ్వరు కాబట్టి బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి. రాత్రిపూట భవనం గోడ మీద లైట్ షో ఉంటుంది. ఆ రోజు అన్నకు ఏడింటికి డ్యూటీ ఉండటంతో అది చూడకుండానే వచ్చేశాం. వచ్చే నెల ఆయన సెలవు రోజు చూసుకుని మళ్లీ వెళ్తాం.