చెక్క దిమ్మెతోనా, కోడ్‌తోనా: ముద్రణ చిత్రాలకు ఏది తగును?

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే చేతులను చూసినవారికి, ముద్రణ చిత్రాలను చెక్క దిమ్మెతో మొదలుపెట్టాలా, లేక అదే శైలిని కంప్యూటర్ కోడ్‌తో పుట్టించాలా అన్న సందేహం రావడం సహజం.

ఖర్చులో కోడ్‌దే పైచేయి. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ప్రాసెసింగ్ అనే, కోడ్‌తో బొమ్మలు గీసే సాధనం ఉచితంగా దొరుకుతుంది. దిమ్మె పనికి ఉలులు, రోలరు కొనాలి. సిరా, కాగితం మళ్లీ మళ్లీ కొంటూనే ఉండాలి. ప్రెస్ మాత్రం అక్కరలేదు, ఎందుకంటే ఉదయగిరి గరిటె వీపుతో కాగితాన్ని రుద్దినా అచ్చు చక్కగా దిగుతుంది.

శ్రమను, పొరపాటును విడదీసి చూడలేము. దిమ్మె మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిప్పి చెక్కాలి. ఉలి ఒక్కసారి జారితే పోయిన చెక్క తిరిగి రాదు. కోడ్‌లో యాదృచ్ఛిక గీతలకు మొదలుగా ఇచ్చే సీడ్ సంఖ్యను రాసిపెట్టుకుంటే అదే చిత్రం మళ్లీ వస్తుంది, ఆ సంఖ్యను మారిస్తే గీతలు కొత్తగా పడతాయి. అయితే ఆ గీత మరీ శుభ్రంగా ఉంటుంది. చెక్క నార సిరా పట్టని చోట మిగిలే తెల్లని చారలను, 1983లో కెన్ పెర్లిన్ రూపొందించిన, సహజంగా కనిపించే హెచ్చుతగ్గులను లెక్కతో పుట్టించే నాయిస్ పద్ధతితో కొంతవరకు తేవచ్చు. రంగుల పొరలను రెండు పిక్సెళ్లు పక్కకు జరిపితే, అచ్చు కుదరనప్పుడు కనిపించే సన్నని అంచు కూడా వస్తుంది. కానీ కాగితం మీద వేలికి తగిలే నొక్కు తెర మీద రాదు, నాకు అన్నిటికన్నా ప్రియమైనది అదే.

రోజుకు గంట మాత్రమే తీరిక ఉన్నవారికి, పిల్లలకు నేర్పేవారికి కోడ్ తగును. కొద్ది ప్రతులే తీసి సంతకంతో అమ్మదలచినవారు దిమ్మెనే ఎంచుకోవాలి. కోడ్‌లో నచ్చిన రూపాన్ని తిప్పి ముద్రించి, దాన్ని దిమ్మె మీద అంటించి చెక్కేవారికి రెండూ అవసరమే.