జెడ్‌ఎస్‌ఐ ఏడాది పని: గంజాం తీరానికి ఎంత అక్కరకొస్తుంది?

జూలై 1 దగ్గరపడిందంటే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జెడ్‌ఎస్‌ఐ) పేరు పత్రికల్లో కనబడుతుంది. 1916లో అదే తేదీన పుట్టిన సంస్థ. దేశంలో ఏడాదంతా కొత్తగా బయటపడ్డ జంతువుల చిట్టా ఆ రోజుల్లోనే విడుదలవుతుంది. 2022కి 664, 2023కి 641, 2024కి 683. ఈ అంకెలు చదివేటప్పుడు ఒక తేడా పట్టుకోవాలి. 2024 లెక్కలో శాస్త్రానికే కొత్తవి 459. మిగతా 224 వేరే దేశాల్లో ఎప్పుడో తెలిసినవే, మన దేశంలో తొలిసారి కనబడ్డాయి. వార్తల్లో చాలాసార్లు రెండూ కలిసిపోయి అన్నీ ‘కొత్త జీవులు’ అయిపోతాయి. పిల్లలకు పాఠం చెప్పే టీచర్లు ఈ రెండు అంకెలనూ విడదీసి చెప్పాలి. ఈ వార్షిక పుస్తకం వల్ల మనకు దక్కేది అంతవరకే.

ఒడిశాలోని గంజాం జిల్లా తెలుగువాళ్లకు ఈ సంస్థ కోల్‌కతాలో ఉన్న దూరపు ఆఫీసు కాదు. నదీముఖాల జీవశాస్త్రం చూసే దాని ప్రాంతీయ కేంద్రం ఈ జిల్లా తీరంలోని గోపాలపురంలోనే ఉంది. సంస్థ తొలి డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్, స్టాన్లీ కెంప్‌తో కలిసి చిలక సరస్సు జీవులపై చేసిన పని 1915లోనే అచ్చయింది. అంటే సంస్థకు ఆ పేరు రాకముందే మన నీళ్ల మీద పని మొదలైందన్నమాట. అందుకే దీన్ని బరంపురం, ఛత్రపురం వాళ్ల అవసరాలతోనే తూచి చూడాలి.

ముందుగా జాబితా. 2024లో దేశంలోని జంతుజాలం మొత్తాన్ని ఒకచోట చేర్చి వెబ్‌లో పెట్టారు: 36 వర్గాలు, 121 జాబితాలు, 1,04,561 జాతులు. ఇంత పని ఉచితంగా చేతికందడం చిన్న విషయం కాదు, మనసారా మెచ్చుకోవాలి. కాలేజీ ప్రాజెక్టుకు పాత పుస్తకాలు వెతుక్కునే పిల్లలకు ఇది పెద్ద ఆసరా. చిక్కల్లా ఒకటే, ఇదంతా శాస్త్రీయ నామాల మీద నడుస్తుంది. మండ పీత అని తెలుగులో వెతికితే ఏమీ దొరకదు. ముందు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, ఇంగ్లీషులో జీనస్) పేరు తెలుసుకోవాలి, ఆ తర్వాతే జాబితాలోకి దిగాలి.

అక్కడే ఇంకో గోతిలో పడతారు. మండ పీతల ప్రజాతి సిల్లాను 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు తిరగేసి చూసి, అందులో నాలుగు జాతులున్నాయని తేల్చారు. అంతకుముందు రాసిన చిలక జాబితాల్లో ‘సిల్లా సెర్రాటా’ అని ఉంటే అది నిజంగా సెర్రాటాయేనని నమ్మడానికి లేదు, అదే ప్రజాతిలోని ఒలివేసియా అయినా కావచ్చు. చేతిలో పీత ఉంటే తేడా చూడడం కష్టమేమీ కాదు. డెక్కకు వెనక ఉండే కీలు ముక్క బయటివైపు చూడండి. రెండు ముళ్లు స్పష్టంగా పొడుచుకొస్తే సెర్రాటా. ఒక్కటే చిన్న మొటిమలా ఉన్నా, అసలు లేకపోయినా ఒలివేసియా. కళ్ల మధ్య పళ్లు కూడా సెర్రాటాకు ఎత్తుగా ఉంటాయి, ఒలివేసియాకు మొద్దుగా, పొట్టిగా ఉంటాయి. రంగును మాత్రం నమ్మొద్దు, బురదను బట్టి మారిపోతుంది. ఒంటి డెక్క ఊపే బురద పీతలకూ ఇదే తిప్పలు. 2016లో ఊకా ప్రజాతిని ముక్కలు చేశాక పాత ఊకా అన్నులిపెస్ ఇప్పుడు ఆస్ట్రూకా అన్నులిపెస్. పాత పేరుతో వెతికి ‘మన దగ్గర లేదు’ అని రాసేసిన రిపోర్టు తప్పుల తడకే అవుతుంది.

ఇక అసలు సంగతి తాబేళ్లు. ఈ సంస్థ చేసే పనుల్లో మన తీరానికి ఎక్కువ విలువైనది ఇదే. 2021 నుంచి ఒడిశా తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల ముందరి రెక్కలకు లోహపు ట్యాగులు వేస్తున్నారు. 03233 నంబరుది 2021 మార్చిలో గహీర్‌మథాలో వేసిన ట్యాగు. అదే తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్ర రత్నగిరి జిల్లా గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనబడింది. 120 గుడ్లు పెడితే 107 పిల్లలు బయటికొచ్చాయి. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అనుకుంటూ వచ్చిన లెక్కను ఒక్క నంబరు కదిలించింది. ఆ నంబరు ఎవరూ సరిగ్గా చదవకపోయి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

ఆ చదవడం దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, ముందున్న సున్నాను వదిలేయడం. 03233ని 3233 అని రాస్తే అది వేరే తాబేలు అయిపోవచ్చు. రెండోది, ట్యాగు మీద నాచూ పెంకులూ పట్టి 0, 8, 3 ఒకేలా కనబడడం. సముద్రపు నీళ్లతో కడిగి, వేలితో మెల్లగా రుద్ది, టార్చిని పక్కనుంచి వాలుగా పట్టుకుని ఫోటో తీస్తే చెక్కిన గీతలు తేలతాయి. ట్యాగు వెనక వైపు రాసినదానిదీ ఒక ఫోటో కావాలి. రెండు రెక్కలూ చూడాలి. లోహాన్ని ఉప్పునీరు తినేసి, లేదా చర్మం చిరిగి ఒక ట్యాగు ఊడిపోవడం మామూలే. ట్యాగు ఊడిన మచ్చ కనబడితే అదీ రాయాలి. బతికున్న తాబేలు నుంచి ట్యాగు ఊడదీయకూడదు.

దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. తాబేలు ఇసకలోకి వస్తున్నప్పుడు, గొయ్యి తవ్వుతున్నప్పుడు అలికిడైతే వెనక్కి మళ్లిపోతుంది. గుడ్లు విడవడం మొదలయ్యాక అంత తొందరగా కదలదు. అప్పుడు వెనకనుంచి, ఎర్ర లైటుతో, ఒక్కరే వెళ్లాలి. కొలత కోసం దర్జీ టేపు చాలు. మెడ వెనక నొక్కు నుంచి తోక పైన డిప్ప చివరిదాకా, వంపు వెంటే కొలవాలి. పెద్ద రిడ్లేకు 60 నుంచి 70 సెంటీమీటర్లు వస్తుంది. డిప్ప మీద పక్క పలకలు ఒక్కోవైపు అయిదు నుంచి తొమ్మిది ఉంటే సాధారణంగా రిడ్లే. నాలుగే ఉంటే ఆకుపచ్చ తాబేలో, గద్దముక్కు తాబేలో అయి ఉంటుంది, ఫోటో తప్పనిసరి.

2025 ఫిబ్రవరిలో గంజాం తీరంలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర దాదాపు 6.98 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయన్న లెక్క విని, ఒక్కొక్కటిగా లెక్కపెట్టారనుకునేవాళ్లున్నారు. అది అంచనా. ఇంత పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు తీరంలో నిర్ణీత దూరాల్లో పట్టీలు గీసి, రాత్రంతా గంటల లెక్కన తిరిగి, ఆ పట్టీల్లో గుడ్లు విడుస్తున్నవాటినే లెక్కపెడతారు. ఊరికే పైకొచ్చి వెళ్లిపోయేవి అందులో రావు. దాన్నిబట్టి మొత్తం తీరానికి గుణిస్తారు. అంచనా కాబట్టి దాని విలువేమీ తగ్గదు, అటూ ఇటూ అవకాశం ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఒక వెలితి చెప్పాలి. నవంబరు 1 నుంచి మే 31 వరకు రుషికుల్య ముఖద్వారం దగ్గర 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. ఆ నిషేధం భారం ఎక్కువగా మోసేవాళ్లలో ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు మత్స్యకారులూ ఉన్నారు. ట్యాగున్న తాబేలు ముందు కనబడేది వాళ్ల వలలోనే, వాళ్ల ఇసకలోనే. అందుకే ట్యాగు ఎలా చదవాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఈ పల్లెల్లో ఒడియాతో పాటు తెలుగులోనూ గోడ మీద రాసి ఉండాలి.

చిన్న జీవుల్ని గుర్తుపట్టించుకోవాలనుకునే కాలేజీలకు కొన్ని మాటలు. పీత, నత్త, పురుగు ఏదైనా నేరుగా ఫార్మలిన్‌లో పడేస్తే ఆకారం నిలుస్తుంది గానీ డీఎన్‌ఏ పాడవుతుంది. జన్యు పరీక్ష అవసరమనుకుంటే 95 శాతం ఇథనాల్ వాడాలి. జీవి ఒంట్లోని నీరు దిగి ఇథనాల్ పలచబడుతుంది, కాబట్టి మర్నాడు ఒంపేసి కొత్తది పోయాలి. చాలా సీసాలు చెడిపోయేది ఈ ఒక్క పని మరిచినందుకే. చీటీ సీసా లోపలే ఉండాలి, మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది, చోటు పేరు తెలియని జీవి ఎవరికీ పనికిరాదు. చోటు, తేదీ, నీటి లోతు, ఉప్పదనం, పట్టినవాళ్ల పేరు వేయాలి. తాబేలు, డాల్ఫిన్ లాంటివి చచ్చి ఒడ్డుకొచ్చినా 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. డిప్పగానీ ఎముకగానీ ఇంటికి తేకూడదు, ఫోటో తీసి అటవీ శాఖవాళ్లకు కబురు పెట్టాలి.