నెల్లూరు రొట్టెల పండుగ: దేవుడున్నాడో లేడో తేలనివారికి ఎలా ఉంటుంది?

ఏటా మొహర్రం నెలలో నెల్లూరు దర్గామిట్టలోని బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు ఒడ్డున జరిగే రొట్టెల పండుగకు రద్దీ, వసతి, ఏర్పాట్లను బట్టి మార్కులు వేసినవారు చాలామందే ఉన్నారు. దేవుడున్నాడని నమ్మలేక, లేడని తోసిపుచ్చనూ లేక ఏళ్ళ తరబడి మథనపడుతున్న మనిషికి ఆ పండుగ ఏ మేరకు ఉపయోగపడుతుందో మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. నేను అటువంటి మనిషిని. మా అమ్మ ఆరోగ్యం కోసం ఒక రొట్టె తీసుకోవాలని వెళ్ళాను. ఈ సమీక్ష ఆ కోణం నుంచే రాస్తున్నాను.

పద్ధతి తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. కోరిక ఉన్నవారు చెరువు నీళ్ళలోకి దిగి, అదే కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరితే తర్వాతి ఏడు అదే రకం రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె ఉన్నాయి, కొంతకాలంగా వీసా రొట్టె కూడా వచ్చి చేరింది. దర్గాలో ఉన్నవి పన్నెండు మంది అమరవీరుల సమాధులు. ఆర్కాటు నవాబు భార్య జబ్బు ఇక్కడి సమాధుల మట్టితో నయమైందనీ, ఆ ఉపాయం ఒక చాకలి ఇల్లాలికి కలలో తెలిసిందనీ, రొట్టెల ఆచారం అప్పటి నుంచే మొదలైందనీ కథ చెబుతారు. ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా గుర్తించింది. ముస్లింలతో పాటు హిందువులూ పెద్ద సంఖ్యలో వస్తారు.

తర్కం తెలిసినవారికి ఈ పద్ధతిలోని లోపం వెంటనే కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు నాస్తికుడు డయాగొరస్ గురించి రోమన్ రచయిత సిసిరో ఒక ముచ్చట చెప్పాడు. దేవతలకు మొక్కుకొని తుపాను నుంచి బయటపడినవారు సమర్పించిన చిత్రపటాలను చూపించి, దేవుళ్ళు మనుషులను పట్టించుకోరని ఇంకా అంటావా అని ఒక మిత్రుడు అడిగితే, మొక్కుకొని కూడా మునిగిపోయినవారి పటాలు ఎక్కడున్నాయని డయాగొరస్ ఎదురు ప్రశ్న వేశాడట. స్వర్ణాల చెరువులో రొట్టె ఇస్తున్నవారందరూ కోరిక తీరినవారే కనుక, వారి సంఖ్యను చూసి దేవుడి ఉనికిని తేల్చడం కుదరదు. ఈ వాదనను పూర్తిగా ఒప్పుకుంటూనే నేను నీళ్ళలోకి దిగాను.

ఉద్యోగ రొట్టె ఇస్తున్న ఒక పెద్దావిడ పక్కన కాసేపు నిలబడ్డాను. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, తడవకుండా గుడ్డలో చుట్టుకొచ్చిన రొట్టెను రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని ఉంది. రొట్టె అంచులు కాస్త మాడి ఉన్నాయి. ఒంగోలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తలమీద కొంగు కప్పుకొని చేతులు చాపగానే, రొట్టెను ఆమె చేతుల్లో పెట్టి, తల నిమిరి, పేరు అడిగింది. కోరిక తీరనివాళ్ళు మళ్ళీ రారు కదమ్మా అని నేను అడిగితే ఆవిడ నా వైపు తిరిగి, “ఎందుకు రారు నాయనా? నేను మూడేళ్ళు తీసుకోనే పోయినా. ఇప్పుడుగదా ఇస్తుండేది” అంది. కొడుక్కి ఉద్యోగం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు కూడా తడుముకోలేదు: “వాడు రాత్రిళ్ళు కూర్చోని చదివినాడు. బాబాలు చల్లంగా చూసినారు.” బాబాలంటే దర్గాలోని అమరవీరులే. ఆ రెండు వాక్యాల మధ్య ఆవిడకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. డయాగొరస్ వెతికిన మునిగిపోయినవారు ఇక్కడ తీసుకునేవారి వరుసలో, మళ్ళీ చేతులు చాపి నిలబడే ఉన్నారని నాకు అప్పుడు తోచింది. దానివల్ల తర్కంలోని లోపం పూడదు. కానీ తీరని కోరికలను ఈ పండుగ దాచిపెడుతోందన్న ఆరోపణ మాత్రం నిలవదు.

మన దర్శనాల్లో ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. పదో శతాబ్దపు నైయాయికుడు, అంటే తర్కానికి పెద్దపీట వేసే న్యాయదర్శన పండితుడు, ఉదయనుడు, కుండకు కుమ్మరి ఉన్నట్టే జగత్తుకూ కర్త ఉండాలన్న తర్కం మొదలుకొని అనేక యుక్తులతో ఈశ్వరుడిని సాధించడానికి న్యాయకుసుమాంజలి రాశాడు. వేదాన్నే పరమ ప్రమాణంగా పట్టుకున్న పూర్వమీమాంసకులు అటువంటి కర్త అక్కర్లేదన్నారు; కర్మ నుంచి పుట్టే అపూర్వమనే కంటికి కనిపించని శక్తే ఫలాన్ని ఇస్తుందన్నారు, చేయవలసిన పని మాత్రం తప్పదన్నారు. దర్గాల దగ్గర మొక్కుకోవడం తగునా అన్న విషయంలో ముస్లిం పండితుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. శైవ వైష్ణవాలు కలహించుకుంటున్న 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడన్న సంగతి, ఆ చెరువు గట్టు మీద అన్ని మతాలవారినీ చూస్తున్నప్పుడు గుర్తుకు రాకమానదు.

నేను ఆరోగ్య రొట్టె తీసుకున్నాను. ఇచ్చినాయన నా మతం, నమ్మకం ఏదీ అడగలేదు. అమ్మకు ఏం జబ్బని మాత్రమే అడిగాడు. ఆమెకు నయమైతే అది మందుల వల్లనా, దైవం వల్లనా అని నేను ఎన్నటికీ తేల్చలేకపోవచ్చు. అయినా వచ్చే ఏడు రొట్టె తీసుకురావలసిన బాధ్యత నాకు స్పష్టంగానే ఉంది, ఎందుకంటే నేను రుణపడింది ముందుగా నాకోసం నీళ్ళలో నిలబడిన ఆ మనిషికి. దేవుడి ప్రశ్న తేలేవరకు వాయిదా వేయనక్కర్లేని ధర్మం ఒకటి ఉందని పుస్తకాల్లో చదివాను. దాన్ని ఆచరణలో ఇంత సూటిగా అడిగిన చోటు నాకు ఇంకొకటి తెలియదు.

లోపం ఒకటి చెప్పాలి. చెరువుకు వెళ్ళే దారిలో రొట్టెలు అమ్మే ఒక అంగడివాడు, తన దగ్గర కొన్న రొట్టెతో కోరిక తప్పకుండా తీరుతుందని, పిల్లలు లేని ఒక జంటను పట్టుకొని ఎక్కువ ధర చెబుతున్నాడు. నీళ్ళలో నిలబడిన ఏ ఒక్కరూ అటువంటి హామీ ఇవ్వలేదు. నిస్సహాయులకు నిశ్చయాన్ని అమ్మడం నాకు తీవ్రమైన తప్పుగా అనిపించింది, అందుకే ఐదుకు నాలుగు మార్కులే ఇస్తున్నాను.

దర్గాకు గంధం సమర్పించే గంధమహోత్సవం జరిగే రాత్రి జనం విపరీతంగా ఉంటారు, ఎవరితోనూ నిలబడి మాట్లాడే వీలుండదు. నాలాంటి ప్రశ్నలున్నవారు పొద్దున్నే, మార్చుకోవడానికి పొడిబట్టలు వెంట పెట్టుకొని వెళ్ళండి. రొట్టె తీసుకునే ముందు ఇచ్చేవారి కథ అడగండి. విసుక్కోకుండా చెబుతారు, ఆ తర్వాత మీ కోరికేమిటని వాళ్ళూ అడుగుతారు కనుక, దానికి జవాబు ముందే ఆలోచించుకొని వెళ్ళడం మంచిది.