గోడ బరువులకు ఏ ప్లగ్గు? ఆరేళ్లు వాడాక నా మాట

గీజరు, పుస్తకాల అర, ముందుకు లాగే చేయి ఉన్న టీవీ స్టాండు, మూడూ ఇటుక గోడకు నేనే బిగించాను. ఆరేళ్లలో పడింది ఒక్కటే, పుస్తకాల అర, అది కూడా అర్ధరాత్రి. లైటేసి చూస్తే స్క్రూలు ప్లగ్గులతో (స్క్రూ పట్టుకోడానికి గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు) సహా ఊడి వచ్చాయి. ప్లగ్గు చుట్టూ అంటుకున్నదంతా బూడిదరంగు సిమెంటు పొడి, కొన దగ్గర మాత్రం కాస్త ఎర్రగా ఉంది. అంటే 30 మి.మీ. ప్లగ్గులో 18 మి.మీ. ప్లాస్టరింగులోనే ఉండిపోయింది, ఇటుకను పట్టుకున్నది మిగిలిన 12 మాత్రమే!

అప్పట్నుంచి డ్రిల్ చేసేటప్పుడు పొడి రంగే చూస్తున్నాను. ఎర్ర పొడి మొదలైన చోటు నుంచి ప్లగ్గు మొత్తం లోపలికి దిగాలి, స్క్రూ పొడవు కూడా ఆ లెక్కనే. ఎంత లోతుకెళ్లినా బూడిదరంగే వస్తోందంటే ఇటుకల మధ్య సిమెంటు వరసలో పడ్డట్టు, రంధ్రం పక్కకు జరపడమే మేలు. ఇప్పుడు అర 10 మి.మీ. లావు, 80 మి.మీ. పొడవున్న నైలాన్ ప్లగ్గుల మీద ఉంది, కదల్లేదు.

టీవీ దగ్గర అసలు టెన్షన్ బరువు కాదు, ఆ చేయి. 15 కిలోల టీవీని గోడ నుంచి 50 సెం.మీ. ముందుకు లాగితే, స్టాండు పై స్క్రూలకూ కింది స్క్రూలకూ మధ్య 20 సెం.మీ. ఉంటే, పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం దాదాపు 37 కిలోలు అవుతుంది. అందుకే లావు ప్లగ్గులు పైన వేశాను.

గీజరుకు మాత్రం గట్టిగా ఉంటాయని ఇనుప యాంకర్ బోల్టులు తెచ్చాను, అదే పొరపాటు. అవి కాంక్రీటుకు భేషుగ్గా ఉంటాయి గానీ, ఇటుకలో బిగించేకొద్దీ వ్యాకోచించి దాన్నే చీలుస్తాయి. గోడ అంచుకు దగ్గరగా వేసిన బోల్టును ఇంకో అర చుట్టు తిప్పానో లేదో టక్‌మని శబ్దం, ఇటుక మూల బీటలు వారింది. చివరికి గీజరును జానెడు ఇవతలికి జరిపి కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బోల్టును అతికించేది) పెట్టాను. అది వేసే ముందు రంధ్రాన్ని బ్రష్‌తో తోమి, పొడి మొత్తం ఊదేయాలి, లేదంటే ఆ జిగురు ఇటుకకు కాకుండా దుమ్ముకు అంటుకుంటుంది. బోలు ఇటుకలైతే జిగురు లోపలి ఖాళీల్లోకి జారిపోకుండా జాలీ గొట్టం కూడా కావాలి, డ్రిల్లుకు హ్యామర్ మోడ్ (కొడుతూ తిరిగే పద్ధతి) ఆపేయాలి.

పాత బోల్టు రంధ్రాలకు లప్పం పెట్టాను, రంగు మాత్రం ఇంకా కలవలేదు.